కేసు కాకముందు సలహా ఎవరిస్తారు?

లాయరు దగ్గరికి వెళ్లారంటే తగవు ముదిరినట్టే లెక్క. పల్లెల్లోనే కాదు, హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో కూడా ఇదే లెక్క. చెక్కు బౌన్సయినా, అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేయకపోయినా, అన్నదమ్ములు వాటా తేల్చకపోయినా ముందు పెద్దమనుషులు, ఆ తర్వాత తెలిసిన కానిస్టేబులో వీఆర్వోనో, ఆ పైన డాక్యుమెంట్ రైటరు. వాళ్ల వల్ల కాదని తేలాక ఆఖరున లాయరు. అప్పటికి గడువులు దాటిపోయి ఉంటాయి. పెట్టకూడని కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటారు.

ఈ ఆలస్యానికి కారణం లాయర్ల ఫీజులని ఒకరంటారు. ఉచిత న్యాయ సహాయం గురించి జనానికి తెలియకపోవడమని ఇంకొకరు. చిన్న సమస్యకు అసలు లాయరు అక్కర్లేని ఏర్పాటు చేయకపోవడమే తప్పని మరొకరు. ఈ ఏడెనిమిదేళ్లలో వచ్చిన తీర్పులు చర్చను తేల్చలేదు సరికదా, కొత్త ముడులు వేశాయి. సలహా ఇవ్వడం కూడా న్యాయవాద వృత్తేనని 2018లో సుప్రీంకోర్టు అంది. ఆ సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 2024లో అంది. న్యాయవాదులు ఆన్‌లైన్‌లో ప్రచారం చేసుకోవడం మీద చర్య తీసుకోవాలని అదే ఏడాది మద్రాసు హైకోర్టు అంది. సలహా ఇచ్చినందుకు లాయరును దర్యాప్తు సంస్థలు పిలవకూడదని 2025లో సుప్రీంకోర్టు అంది. విడివిడిగా చూస్తే ప్రతి తీర్పుకూ గట్టి కారణముంది. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం సలహా ఇచ్చేవారి స్థానం స్థిరపడింది, అడిగేవారి స్థానం ఇంకా స్థిరపడలేదని తెలుస్తుంది.

ప్లీడర్లు, ముఖ్తార్లు, ప్రైవేటు వకీళ్లు

బ్రిటిషు కాలంలో న్యాయ సలహా ఒక్క తరగతి చేతిలో లేదు. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం ప్లీడర్లను, ముఖ్తార్లను, రెవెన్యూ ఏజెంట్లను వేర్వేరుగా గుర్తించింది. వారికి పైన హైకోర్టు వకీళ్లు, ఆ పైన బారిస్టర్లు. తాలూకా కచేరీ పనికి ఒకరు, జిల్లా కోర్టుకు ఒకరు, మద్రాసుకు ఇంకొకరు. నిజాం రాష్ట్రంలో కోర్టుల పద్ధతి వేరు, అక్కడ కోర్టు భాష ఉర్దూ. తెలంగాణలో ఇప్పటికీ వకీలు అనే మాటే నోట్లో ఆడుతుంది. కోస్తాలో ప్లీడరు అన్నది పెద్దవారి నోట ఇంకా వినబడుతుంది.

ఆనాటి సలహా మార్కెట్టు ఎలా ఉండేదో చూడాలంటే కన్యాశుల్కం చదివితే చాలు. అందులో పట్టా లేని ప్రైవేటు వకీలు నాయుడూ ఉన్నాడు, కక్షిదారు మేలు కోరే వకీలు సౌజన్యారావు పంతులూ ఉన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియని అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు కూడా ఉన్నారు. మనిషికి కావలసింది చట్టం చదివినవాడా, కచేరీ లోగుట్టు తెలిసినవాడా అన్న ప్రశ్న 1909 నాటి రెండో కూర్పులోనే అంత స్పష్టంగా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ అంతరాలను తీసేశారు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం న్యాయవాద వృత్తి చేయగలిగింది ఒకే తరగతి, అడ్వొకేట్లు. గ్రామం నుంచి సుప్రీంకోర్టు దాకా అదే పట్టా. ఇది సమానత్వం కోసం చేసిన మంచి పని. కానీ దీనితో పాటు, చిన్న పనులకు చిన్న ఫీజుతో దొరికే కింది తరగతి చట్టం దృష్టిలో లేకుండా పోయింది. ఆ ఖాళీని ఎవరు నింపారన్నది చట్టం పట్టించుకోలేదు. ఒక్క దళారులను మాత్రం మరచిపోలేదు. వారి జాబితా తయారుచేసి కోర్టు ఆవరణలోకి రానివ్వకుండా చేసే ఏర్పాటు 1879 చట్టంలో ఉండేది. 2023లో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని రద్దుచేస్తూ, దళారుల సెక్షన్‌ను అడ్వొకేట్స్ చట్టంలో చేర్చుకుంది. శతాబ్దం దాటినా దళారి పోలేదంటే, కక్షిదారుకూ లాయరుకూ మధ్య దారి సరిగా లేదనే అర్థం.

సలహా చెప్పే హక్కు ఎవరిది?

కోర్టులో వాదించే హక్కు అడ్వొకేట్లదేనన్న దానిపై పెద్ద పేచీ లేదు. కోర్టు బయట సలహా చెప్పడం, దస్తావేజు రాయడం, ఒపీనియన్ ఇవ్వడం సంగతేమిటి? విదేశీ లా సంస్థల కేసుల్లో ఈ ప్రశ్న లేచింది. 2009లో బొంబాయి హైకోర్టు, 2012లో మద్రాసు హైకోర్టు దాన్ని చర్చించాయి. చివరికి 2018 మార్చిలో, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వర్సెస్ ఏకే బాలాజీ కేసులో, ఇవన్నీ న్యాయవాద వృత్తిలో భాగమేనని సుప్రీంకోర్టు తేల్చింది.

తీర్పు అలా ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు పరిస్థితి వేరు. ఇల్లు, పొలం, ప్లాటు కొనే తెలుగువారిలో చాలామందికి దొరికే మొదటి, ఆఖరి సలహాదారు డాక్యుమెంట్ రైటరే. ఆయనకు ఫార్మాట్లు తెలుసు, స్టాంపు డ్యూటీ లెక్క తెలుసు, ఆఫీసు పద్ధతి తెలుసు. కానీ ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) రిజిస్టరయిన లావాదేవీలే కనబడతాయని, రిజిస్టరు కాని వీలునామా గానీ కోర్టులో నడుస్తున్న దావా గానీ అందులో ఉండకపోవచ్చని కొనేవారికి చెప్పడం ఆయన పని కాదు. అగ్రిమెంటు కమ్ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. ఆ తర్వాత కూడా అలా కొన్న ప్లాట్ల తగాదాలు రెండు రాష్ట్రాల కోర్టుల్లోనూ నడుస్తూనే ఉన్నాయి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారు పంపే జీపీఏ ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టి సరిచేయించుకోవాలన్న చిన్న నిబంధన చెప్పేవారు లేక ఇబ్బంది పడేవారూ ఉన్నారు.

ఆడపిల్లల వాటా ఇంకా చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ, అది అమలయ్యే నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలయింది. 2005లో కేంద్ర సవరణ వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి ఎప్పుడయింది, పంపకం ఎప్పుడు జరిగింది, అది రిజిస్టరయిందా లేదా అనే తేదీలను బట్టి ఒకే ఇంట్లో అక్కకు ఒక జవాబు, చెల్లికి ఇంకో జవాబు రావచ్చు. దీన్ని పంచాయతీ అరుగు మీద తేల్చడం ఎంత అనుభవమున్న పెద్దమనిషికైనా కుదిరే పని కాదు.

సలహా ఏ వేళకు దొరికిందన్నది ఎంత తేడా తెస్తుందో ప్రామిసరీ నోటు చూపిస్తుంది. మన జిల్లాల్లో వడ్డీకిచ్చే డబ్బు ఎక్కువగా నోటు మీదే నడుస్తుంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు గడువు. ఆ లోపల అప్పు తీసుకున్నవారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనక తమ సంతకంతో చెల్లు వేస్తే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. డబ్బు అందిన మాట నిజమే గదా అని అప్పిచ్చినాయనే తన చేత్తో చెల్లు రాసుకుంటాడు. అవతలి మనిషి సంతకం ఉండదు. మూడేళ్లు దాటాక లాయరు దగ్గరికి వెళితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. అలా పట్టాక కూడా, బాకీ తీరుస్తానని రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం చెల్లుతుంది. అయితే ఆ కాగితం అడిగి రాయించుకోవాలని చెప్పేవారుండాలి. చెక్కు బౌన్సు సంగతీ అంతే. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందుకున్నవారికి 15 రోజులు టైమివ్వాలి, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. నోటీసు గడువు తప్పినా చెక్కు చెల్లుబాటు కాలం మిగిలి ఉంటే మళ్లీ బ్యాంకులో వేయవచ్చు. అరగంట సలహాతో నిలబడే డబ్బు అది లేక పోతుంది. ఏళ్లకేళ్లు నడిచే కేసుల్లో చాలావాటి మూలం ఈ అరగంట దొరకకపోవడమే.

ఉచిత సలహా: చట్టంలో ఉంది, వాకిట్లో లేదు

ఈ ఆలస్యానికి విరుగుడు చెప్పేవారు మూడు వర్గాలు. మొదటి వర్గం వాదన ప్రభుత్వమే సలహా ఇవ్వాలన్నది. దీనికి గట్టి చరిత్ర ఉంది. 1973లో కృష్ణయ్యర్ కమిటీ, 1977లో భగవతి, కృష్ణయ్యర్ కలిసి ఇచ్చిన నివేదిక పేదవాడికి న్యాయ సహాయం దయాధర్మం కాదని, హక్కని చెప్పాయి. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణ చేరింది. 1978లో హోస్కాట్, 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులు దానికి ప్రాణం పోశాయి. 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం వచ్చింది. అది అమలులోకి వచ్చిన తేదీ 1995 నవంబరు 9.

ఈ చట్టాన్ని చాలామంది కోర్టులో ఉచితంగా లాయరును పెట్టే చట్టంగానే చూస్తారు. రెండో సెక్షన్‌లోని నిర్వచనం అంతకన్నా పెద్దది. కేసు నడపడంతో పాటు ఏ న్యాయ విషయం మీదనైనా సలహా ఇవ్వడం కూడా న్యాయ సేవేనని అక్కడ స్పష్టంగా రాశారు. అర్హుల జాబితా కూడా విశాలమైనది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులు, అక్రమ రవాణా బాధితులు ఎవరైనా ఆదాయంతో పనిలేకుండా అర్హులే. ఆదాయ పరిమితి మిగతావారికే. దానికి కూడా సొంత అఫిడవిట్ సరిపోతుందని చట్టమే అంటుంది. తెలుగు రాష్ట్రాల్లో మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలను కలిపితే జనాభాలో ఎక్కువమంది ఇందులో ఉన్నట్టే. అంటే ఇది పేదల పథకం కాదు, దాదాపు అందరి పథకం. ఈ ఒక్క మాట ఊరూరా తెలిసి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది.

ఆ తర్వాత ఏర్పాట్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం, 2011లో గ్రామాల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్కుల నిబంధనలు, 2017లో కామన్ సర్వీస్ సెంటర్ల నుంచి లాయరుతో మాట్లాడించే టెలీ లా, క్రిమినల్ కేసుల కోసం 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ విధానం. 15100 నంబరుకు ఫోన్ చేస్తే లీగల్ సర్వీసెస్ వ్యవస్థ పలుకుతుంది. గృహహింస చట్టం 5వ సెక్షన్ ప్రకారం, బాధితురాలికి ఉచిత న్యాయ సేవ హక్కు ఉందని పోలీసు అధికారి, రక్షణాధికారి స్వయంగా చెప్పాలి.

ఈ వాదానికి ఎదురయ్యే విమర్శ కూడా తేలికది కాదు. మండల స్థాయిలో లీగల్ సర్వీసెస్ కమిటీలున్నా వాటి నడక కోర్టు ఆవరణలోనే, కోర్టు వేళల్లోనే. కూలి మానుకుని రావాలి. లోక్ అదాలత్ లెక్కలు పత్రికల్లో ఘనంగా వస్తాయి. ఎంతమందికి కేసు అవసరం లేకుండా సలహాతో పని జరిగిందన్నది వార్త కాదు. ఉచితంగా వచ్చే లాయరు మనసు పెట్టి చూడరన్న అనుమానం కక్షిదార్లలో బలంగా ఉంది. ప్యానెల్ లాయర్లకు ఇచ్చే పారితోషికం తక్కువన్న బాధ లాయర్లలోనూ ఉంది. ఇద్దరిదీ న్యాయమైన మాటే.

ఇంగ్లండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1949లోనే న్యాయ సహాయానికీ సలహాకూ కలిపి చట్టం చేసిన దేశమది. 2013 ఏప్రిల్ నుంచి కుటుంబ, ఇంటి, సంక్షేమ తగాదాల్లో ప్రభుత్వ సొమ్ముతో దొరికే సలహాను బాగా కోసేశారు. కుటుంబ కోర్టుల్లో లాయరు లేకుండా సొంతంగా నిలబడేవారు ఎక్కువయ్యారు. సలహా దగ్గర మిగిల్చిన డబ్బు కోర్టు దగ్గర ఖర్చయిందన్న వాదన అక్కడ ఇప్పటికీ నడుస్తోంది.

లాయరు లేకుండానే అన్న వాదం

రెండో వర్గం మాట వేరు. చిన్న సమస్యను లాయరు దాకా తీసుకెళ్లడమే తప్పు, చట్టాన్నీ పద్ధతినీ తేలిక చేయాలంటారు. పార్లమెంటు కూడా కొన్నిచోట్ల ఈ మాట వింది. కుటుంబ కోర్టుల చట్టం 13వ సెక్షన్ లాయరును పెట్టుకోవడాన్ని హక్కుగా ఇవ్వలేదు. పారిశ్రామిక వివాదాల చట్టం అవతలి పక్షం ఒప్పుకోవాలంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007 అయితే ట్రిబ్యునల్లోకి లాయరునే రానివ్వలేదు. ఈ నిషేధం అడ్వొకేట్స్ చట్టంలోని 30వ సెక్షన్‌కు విరుద్ధమని 2021లో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది. వినియోగదారుల కమిషన్లో ఎవరి ఫిర్యాదు వారే వేసుకోవచ్చు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు.

ఈ వాదంలో నిజం ఉంది. ప్రమాదమూ ఉంది. 1974లో మార్క్ గాలంటర్ రాసిన వ్యాసం న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసినదే. పదే పదే కోర్టుకు వచ్చే బ్యాంకు, బిల్డరు, బీమా కంపెనీ వంటివారు ఒక్కసారి వచ్చే మామూలు మనిషి కంటే ఎప్పుడూ ముందే ఉంటారని ఆయన వాదన. లాయర్లను బయట నిలబెట్టినా కంపెనీ తరఫున వచ్చే అధికారికి ఆ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉంటుంది. ముసలి తండ్రికి అది ఉండదు.

తెలుగు నేల మీద ఈ దారిలో జరిగిన మంచి ప్రయత్నం ఒకటి గుర్తుంచుకోదగ్గది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఇందిర క్రాంతి పథం కింద గ్రామీణ యువతకు భూచట్టాల్లో శిక్షణ ఇచ్చి పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా పనిలో పెట్టారు. పహాణీ, అడంగల్, అసైన్‌మెంట్ పట్టా, ఆర్‌ఎస్‌ఆర్ చదవగలిగిన ఊరి పిల్లలు పేద రైతు పక్కన నిలబడి ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ నడిపారు. వారు లాయర్లు కారు. లాయరు అవసరమయ్యే చోటు ఏదో గుర్తుపట్టి చెప్పగలిగేవారు. ఈ సమస్యకు మన దగ్గర దొరికిన జవాబుల్లో నా లెక్కన ఇదే అన్నిటికన్నా దగ్గరిది. ప్రాజెక్టుగా మొదలైంది ప్రాజెక్టుగానే ఆగిపోకూడదు.

చట్టం రాసే తీరే లాయరు అవసరాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. తెలంగాణలో 2020 నాటి చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. భూరికార్డుల పోర్టల్ ధరణిలో పేరు తప్పుపడిన రైతు సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లవలసి వచ్చింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లను మళ్లీ ఆర్డీవో, కలెక్టరు స్థాయికి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం వివాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పిస్తోందని లాయర్లు విధులు బహిష్కరించి ఆందోళన చేశారు. 2024లో దాన్ని రద్దు చేశారు. ఆ ఆందోళనలో లాయర్ల బతుకు తెరువు ప్రశ్న కూడా ఉందని కొందరన్నారు. ఉండవచ్చు. కానీ అధికారి మాటే ఆఖరు మాట కాకూడదన్న వాదన రైతు తరఫున కూడా బలమైనదే.

ఈ రెండు వర్గాలకూ పక్కన మూడోది ఉంది. సలహా అనేది సేవ, దానికి ధర ఉండాలి, పోటీ ఉండాలి, నాణ్యతకు పూచీ ఉండాలి అనేవారు. మొదటి వర్గం ప్రభుత్వాన్ని నమ్ముతుంది, దాని బలం విస్తృతి, బలహీనత నాణ్యత. రెండో వర్గం పద్ధతిని నమ్ముతుంది. సమస్య చిన్నదైతే అది నెగ్గుతుంది, అవతల బలవంతుడుంటే తడబడుతుంది. మూడో వర్గం డబ్బిచ్చే కక్షిదారును నమ్ముతుంది. మధ్యతరగతికి ఈ దారి సరిపోవచ్చు, కూలివాడికి సరిపోదు. ఇక ఈ మూడో దారికి చట్టంలోనే రెండు పెద్ద అడ్డంకులున్నాయి. ఒకటి జవాబుదారీ, రెండు ప్రచారం.

ఫీజు, రసీదు, పూచీ

2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ న్యాయవాద సేవలో లోపముంటే వినియోగదారుల చట్టం వర్తిస్తుందంది. 2024 మే 14న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. న్యాయవాద వృత్తి వ్యాపారం కాదని, కక్షిదారు ఆదేశాల మేరకే లాయరు నడుస్తాడు గనుక అది వ్యక్తిగత సేవా ఒప్పందమని చెప్పింది. సివిల్ దావా, బార్ కౌన్సిల్ ఫిర్యాదు మాత్రం మిగిలే ఉన్నాయి.

కోర్టు వాదనకు ఈ తర్కం సరిపోతుంది. ఓడిన ప్రతివాడూ లాయరు మీద కేసు వేస్తే వృత్తి నడవదు. ఒపీనియన్‌కూ ఇదే కొలత వేయాలా అన్నది నా సందేహం. ఇల్లు కొనేవారు లింకు డాక్యుమెంట్లన్నీ తెచ్చి, ఫీజు కట్టి, టైటిల్ క్లియర్ అన్న కాగితం పట్టుకుని బ్యాంకు లోనుకు వెళతారు. అక్కడ లాయరు ఎవరి ఆదేశాల మేరకు నడిచాడు? ఆయన జ్ఞానాన్నే కదా కొన్నది. బ్యాంకు ప్యానెల్ న్యాయవాది ఇచ్చిన తప్పుడు ఒపీనియన్ల మీద హైదరాబాద్‌లో సీబీఐ పెట్టిన కేసులో 2012లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. కుట్రలో భాగమని సాక్ష్యముంటే తప్ప, అజాగ్రత్తగా ఇచ్చిన ఒపీనియన్ నేరం కాదంది. ఆ గీత సరైనదే. అయితే నేరం కాక, వినియోగదారుల లోపమూ కాక, ఇల్లు పోగొట్టుకున్నవారికి మిగిలింది ఏళ్లు పట్టే సివిల్ దావా.

ఫీజు సంగతి ఇంకా మసక. గెలుపు మీద వాటా ఫీజుగా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. యాక్సిడెంటు పరిహారం కేసుల్లో పర్సంటేజీ మాటలు నడుస్తూనే ఉన్నాయి. సలహాకు ఇంత అని ముందే చెప్పే అలవాటు తక్కువ, రసీదు ఇచ్చే అలవాటు అంతకన్నా తక్కువ. పాత పరిచయంతో చెప్పిన సలహాకు డబ్బు అడగడానికి లాయరు మొహమాటపడతారు. డబ్బు తీసుకోని సలహాకు పూచీ అడగడానికి కక్షిదారు మొహమాటపడతారు. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే చెప్పినా, కాగితాలు వెనక్కి తీసుకోలేక అదే లాయరుతో సర్దుకుపోయేవారు ఎందరో. శిక్షణ లేని, ఆదాయం లేని జూనియర్ల బాధ కూడా ఇక్కడే చెప్పాలి. సలహాకు న్యాయమైన ధర స్థిరపడితే ముందు బాగుపడేది వారే.

ప్రకటన నిషేధం, తెర మీద సలహా

బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకటనలను నిషేధిస్తుంది. 2008 సవరణతో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, చేసే కేసుల రంగం వంటి కొద్ది వివరాలు వెబ్‌సైటులో పెట్టుకోనిచ్చారు. లాయర్లను రేటింగులతో, ధరలతో చూపే సైట్ల విషయంలో కఠినంగా ఉండాలని 2024 జులైలో మద్రాసు హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. వృత్తి గౌరవం కాపాడాలన్న ఆశయం మంచిదే. కానీ అద్దె తగాదా చూసే లాయరు తన పేటలో ఎవరో మామూలు మనిషికి తెలిసేదెలా? తెలిసే దారి మూసేస్తే ఆ స్థలంలోకి దళారే వస్తాడు. వృత్తిని పొగుడుకునే ప్రకటన వేరు, అవసరమైనవారికి అందే సమాచారం వేరు. నిబంధన ఈ తేడాను ఇంకా విడదీయలేదు.

ఈలోగా జనం తమ దారి తాము చూసుకున్నారు. యూట్యూబులో తెలుగులో చట్టం చెప్పే లాయర్లకు లక్షల్లో ప్రేక్షకులున్నారు. భూమి, విడాకులు, చెక్కు బౌన్సు మీద మామూలు మాటల్లో చెప్పే ఆ వీడియోలు పాఠ్య పుస్తకం చేయలేని పని చేస్తున్నాయి. ఏఐ చాట్‌బాట్లు ఇంకో అడుగు వేశాయి. అవి లేని తీర్పులను ఉన్నట్టు చూపగలవు. 2023లో న్యూయార్క్‌లో అలాంటి తీర్పులు దాఖలు చేసిన లాయర్లకు జరిమానా పడింది. బెంగళూరులోని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వును ఇలాంటి కారణంతోనే వెనక్కు తీసుకుంది. వీడియో గానీ చాట్‌బాట్ గానీ సాధారణ నియమం చెప్పగలవు. మీ నోటు వెనకనున్న సంతకం ఎవరిదో అడగడం తెలిసినవారి పని.

చెప్పింది గుట్టుగా ఉంటుందా

లాయరుకు చెప్పిన మాట బయటికి రాకూడదన్నది భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్. దర్యాప్తు సంస్థలు లాయర్లకు సమన్లు పంపడంతో లేచిన వివాదంలో 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఈ రక్షణను గట్టిపరిచింది. సలహాలో ఇది అమూల్యమైన భాగం. డాక్యుమెంట్ రైటరుకు, యూట్యూబు కామెంటులో, చాట్‌బాట్‌కు చెప్పినదానికి ఆ రక్షణ లేదు. ఇంటి గుట్టు, పోలీసు కేసు, భార్యాభర్తల గొడవ ఫోనులో టైపు చేసేవారు ఈ తేడా తెలుసుకోవాలి.

ఏ భాషలో

నోటీసు ఇంగ్లీషులో వస్తుంది, వకాలత్ ఇంగ్లీషులో ఉంటుంది, అఫిడవిట్ ఇంగ్లీషులో తయారవుతుంది. అందులో ఏముందో తెలియకుండానే కక్షిదారు సంతకం పెడతారు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చి దారి చూపింది. తీర్పు కన్నా ముందు తెలుగులో రావలసింది సలహా. ఒపీనియన్ ఇంగ్లీషులో ఉన్నా, దాని సారాంశం ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వడానికి ఏ నిబంధనా అడ్డు రాదు.

ఇంకా తేలనివి

పారాలీగల్ చెప్పే మాట ఎక్కడిదాకా సమాచారం, ఎక్కడి నుంచి సలహా అన్నది 2018 తీర్పు తర్వాత కూడా స్పష్టం కాలేదు. కోర్టు వాదననూ ఒపీనియన్‌నూ పూచీ విషయంలో వేరు చేయాలా అన్నది తేలలేదు. ప్రకటనకూ సమాచారానికీ గీత ఎక్కడ గీయాలో తేలలేదు. లీగల్ సర్వీసెస్ సంస్థలు కేసుల సంఖ్యనే కాక సలహా నాణ్యతను ఎలా కొలవాలో తేలలేదు.

ఇంత చూశాక నా అభిప్రాయం ఇది. మన చట్టం, బార్ కౌన్సిల్ నిబంధనలు, ఫీజు అలవాట్లు, ఉచిత సహాయం అన్నీ కేసు చుట్టూ అల్లుకున్నాయి. కేసుకు ముందుండే అరగంటను ఎవరూ తమ పనిగా తీసుకోలేదు. మూడు వర్గాల్లో ఏ ఒక్కటీ చాలదు. ఊళ్లో శిక్షణ పొందిన పారాలీగల్, మండలంలో సాయంత్రం కూడా తెరిచి ఉండే క్లినిక్కు, పట్టణంలో ముందే చెప్పిన ఫీజుకు రాతపూర్వకంగా సలహా ఇచ్చే లాయరు, ఈ మూడూ ఒకదానికొకటి అందుబాటులో ఉండాలి. బార్ కౌన్సిళ్లు సలహా ఫీజుకు రసీదును, ఒపీనియన్‌కు తెలుగు సారాంశాన్ని తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

అంతదాకా చదువరులు చేయగలిగింది కొంత ఉంది. ఇంట్లో ఆడవారి పేరు మీద ఏ న్యాయ సమస్య ఉన్నా, ఆదాయం ఎంతైనా సరే, 15100కు ఫోన్ చేసి ఉచిత సలహా అడగండి. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు అన్ని కాగితాలూ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి, గడువు ఎప్పటిదాకా ఉందో మొదట అడగండి. సలహాను కాగితం మీద రాసి ఇమ్మనండి, ఫీజు ఇచ్చి రసీదు తీసుకోండి. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే వెళ్లండి.